చిత్రకళ మీద డ్యూఫ్రెనువా లాటిన్ కావ్యం: ఏ ఇంగ్లిష్ అనువాదం చదవాలి?

ఫ్రెంచ్ చిత్రకారుడు డ్యూఫ్రెనువా చిత్రకళా సూత్రాలను లాటిన్ పద్యాల్లో రాశాడు. ఆయన పోయాక, 1668లో అచ్చయింది. బొమ్మలో మనుషుల అమరిక, వెలుగునీడలు, రంగుల పొందిక, అన్నీ పద్యాల్లోనే!

నాకు లాటిన్ రాదు. ఇంగ్లిష్‌లో కవి డ్రైడెన్ 1695లో వచనంలో అనువదించాడు. 1783లో ఇంగ్లిష్ కవి మేసన్ చేసిన పద్యానువాదానికి చిత్రకారుడు రేనాల్డ్స్ నోట్స్ రాశాడు. డ్రైడెన్‌ది మొదలుపెట్టాను. విషయం తేలిగ్గానే అర్థమవుతోంది గానీ పద్యం చదువుతున్నట్టే లేదు. మేసన్ ప్రాస కోసం అర్థాన్ని సాగదీశాడేమో అని అనుమానం.

రెండూ చదివినవాళ్లుంటే చెప్పండి, ముఖ్యంగా రంగుల భాగంలో మూలానికి ఏది దగ్గర? రేనాల్డ్స్ నోట్స్ కోసమైనా మేసన్ పుస్తకం కొనొచ్చా? డ్యూఫ్రెనువా స్నేహితుడు, చిత్రకారుడు మిన్యార్ పారిస్‌లో ఒక చర్చి గోపురం లోపల వేసిన చిత్రం మీద ఫ్రెంచ్ నాటకకర్త మొలియేర్ 1669లో రాసిన పద్యానికి మంచి అనువాదం తెలిస్తే అదీ చెప్పగలరు.