జీఆర్‌ఈ పదాలు: బట్టీ పట్టాలా, చదువుతూ నేర్చుకోవాలా?

గోదారిగట్టు: విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు ఇంకా నెలన్నరే ఉంది. రోజుకు 30 పదాలు, పక్కన తెలుగు అర్థం రాసుకుని బట్టీ పడుతున్నా. మా అన్నయ్యేమో లిస్టు పక్కన పడేసి ఇంగ్లిష్ వ్యాసాలు చదవమంటున్నాడు. మీరేమంటారు?

మల్లెపందిరి: అన్నయ్య మాటే వినండి. పదాన్ని విడిగా అడిగే ఆంటొనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదజంటల పోలికలు) 2011లోనే తీసేశారు. ఇప్పుడు ఖాళీలు పూరించాలి, లేదా ఆరు పదాల్లోంచి వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఎంచాలి. ‘సాంక్షన్’ చూడండి. లోన్ సాంక్షన్ అయిందంటే మంజూరైనట్టు. ఒక దేశం మీద సాంక్షన్స్ పెట్టారంటే ఆంక్షలు. మీ నోట్సులో ఏది రాశారు?

పెన్నాఒడ్డు: నేనొప్పుకోను. పదో తరగతి దాకా తెలుగు మీడియం నాది. ఇంగ్లిష్ పేపర్ తెరిస్తే పేరాకు ఏడెనిమిది తెలియని మాటలు. ప్రతిదానికీ డిక్షనరీ తీస్తే పేరా చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోయేవాణ్ణి. రెండు నెలలు లిస్టు రుబ్బాకే ఎడిటోరియల్ ఆగకుండా చదవగలిగాను. చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఇంగ్లిష్ పుస్తకాలున్నవాళ్లు ‘చదువుతూ ఉంటే అవే వస్తాయి’ అంటే నాకు బాధేస్తుంది.

మల్లెపందిరి: నాదీ మండల పరిషత్ స్కూలేనండీ. లిస్టు చదివినదాన్నే, అందుకే చెబుతున్నా. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ట్రైనింగ్ అయ్యాక టీమంతా ‘ఎనర్వేటెడ్‌’గా ఉందని మేనేజరుకు మెయిల్ పెట్టాను. ఎనర్జీకి చుట్టమనుకున్నా. ఆ మాటకర్థం నీరసించిపోవడం. ట్రైనింగ్‌లో ఏం తేడా జరిగిందని ఆయన పిలిచి అడిగారు. ఆ పదం నా లిస్టులో ఉంది, అర్థం ఒకప్పుడు అప్పజెప్పాను కూడా. వాక్యంలో మాత్రం ఒక్కసారీ చూడలేదు.

పెన్నాఒడ్డు: వాక్యం కావాలన్నది ఒప్పుకుంటా, లిస్టు మానేయమనడం ఒప్పుకోను. నెలన్నరలో ఎన్ని వ్యాసాలు చదివితే ‘ఎనర్వేట్’ ఎదురుపడుతుంది? గోదారిగట్టు గారూ, 30 కాదు, 15 చేయండి. కార్డుకు ఒకవైపు ఆ పదమున్న వాక్యం, వెనక అర్థం. రానివి మర్నాడే, వచ్చినవి మూడు రోజులాగి మళ్లీ తిరగేయండి.

గోదారిగట్టు: సాంక్షన్‌కి ‘మంజూరు’ అని ఒక్కటే రాసుకున్నానండీ. ఇప్పటికి 400 పదాలయ్యాయి, వాక్యం ఒక్కదానికీ లేదు. ఈ రాత్రి కొత్తవి ఆపి, మొదటి పేజీ నుంచి వాక్యాలు వెతుకుతా.