భూకంపం చూపించి ఫిజిక్స్ చెప్పడం సరైనదేనా?

ఓరుగల్లు_పీఎస్_సార్:
2024 డిసెంబర్ 4న పొద్దున 7:27కి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలింది కదా. మా ఇంట్లో గిన్నెలు గలగలలాడాయి. ఆ రోజు ఎనిమిదో తరగతికి వెళ్తే ఒక్కరూ పుస్తకం తెరవలేదు. "ఎందుకు కదిలింది సార్?" ఇదొక్కటే ప్రశ్న. ఘర్షణ పాఠం అప్పటికే చెప్పేశాను, నిర్వచనం అందరికీ నోటికొచ్చు. అయినా ఆ పాఠానికీ ఈ ప్రశ్నకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు. అది నన్ను బాగా బాధపెట్టింది.

మర్నాడు బల్ల మీద గరుకు కాగితం అతికించి, దాని మీద ఇటుక పెట్టాం. ఇటుకకు పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టి, దాని రెండో కొసకు స్ప్రింగ్ త్రాసు తగిలించి మెల్లగా లాగాం. ట్యూబు సాగుతుంది, ఇటుక కదలదు. సాగి సాగి ఒక్కసారిగా దూకుతుంది, మళ్లీ ఆగుతుంది. దూకే ముందు త్రాసు ఎంత చూపింది, దూకాక ఇటుక ఎన్ని సెంటీమీటర్లు జరిగింది, అన్నీ పట్టికలో రాశారు. ట్యూబులో దాగిన శక్తి ఒక్కసారిగా బయటికి రావడం వాళ్లు చేత్తో పట్టుకుని చూశారు. భూమిలో రాళ్లు కూడా ఘర్షణతో పట్టుకుని ఉండి, ఇలాగే ఒక్కసారిగా జారతాయి. రెండు పీరియడ్లు పట్టింది.

అప్పటి నుంచి ఏటా ఇదే చేస్తున్నాను. తోటి టీచర్లు మాత్రం "భూకంపాలు సోషల్ వాళ్లవి, నీకెందుకు?" అంటున్నారు. నేను చేసేది తప్పా?

జూనియర్_లెక్చరర్_ఖమ్మం:
సార్, మీ శ్రద్ధ మీద నాకు గౌరవం ఉంది. పద్ధతితోనే పేచీ. గెలీలియో ఏం చేశాడు? రాయి కింద పడటాన్ని నేరుగా కొలవలేక వాలు బల్ల మీద గుండు దొర్లించాడు. అక్కర్లేనివన్నీ పక్కన పెట్టి ఒక్కదాన్ని కొలవడంతోనే ఫిజిక్స్ మొదలైంది. భూమిలో ఏదీ విడిగా దొరకదు. పీడనం, వేడి, నీరు, రాతి రకం అన్నీ కలగలిసి ఉంటాయి. ముందు శుభ్రమైన ప్రయోగం చేయించండి, భూమి సంగతి తర్వాత చూడొచ్చు.

ఇంకో మాట. ఇంటర్ మొదటి సంవత్సరంలో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చలేరు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలుంటే 40 ఫిజిక్సే. ఆ రెండు పీరియడ్లలో లెక్కలు చేయిస్తే వాళ్లకు ఎక్కువ మేలు.

సోషల్_మేడం:
భూకంపాలు "సోషల్ వాళ్లవి" అన్నవారికి చెప్తున్నాను. భూకంపం నుంచి పుట్టే పి తరంగాలు, ఎస్ తరంగాలు అని పిల్లలకు చెప్పేది నేనే. ఎస్ తరంగాలు ద్రవంలో ఎందుకు వెళ్లవని ఒక పిల్ల అడిగితే "వెళ్లవమ్మా, అంతే" అన్నాను. ఆ రోజు మా పీఎస్ (ఫిజికల్ సైన్స్) సార్ పక్క గదిలోనే ఉన్నారు, ఇద్దరం ఎప్పుడూ ఈ సంగతి మాట్లాడుకోలేదు. పాఠాన్ని రెండు పుస్తకాల్లోకి చీల్చి పంచారు, నష్టం పిల్లలకు.

ఇప్పుడు ఇద్దరం కలిసి చేయిస్తాం. ఇరవై మందిని వరుసగా నిలబెట్టి, ముందున్నవాళ్ల భుజాల మీద చేతులు పెట్టమంటాం. వెనకనుంచి నెడితే తోపు ముందుకు పాకుతుంది, అది పి. పక్కకు ఊపితే ఊపు పాకుతుంది, అది ఎస్. తర్వాత చేతులు తీసేసి దగ్గరగా నిలబడమంటాం. నెడితే ఒకరికొకరు తగిలి తోపు ఇంకా వెళ్తుంది. పక్కకు ఊపితే మొదటివాడి దగ్గరే ఆగిపోతుంది. ద్రవంలో ఒక పొర పక్కకు జరిగితే పక్క పొరను తిరిగి లాగే పట్టు ఉండదు కదా. ఆ పిల్ల తనంతట తానే "చేతుల్లేవు మేడం, అందుకే" అంది.

గనుల_జియాలజిస్టు:
మేడం, ఈ ఆట అద్భుతం. అయితే పిల్లల మనసులో తప్పు బొమ్మ పడే చోటు కూడా ఇక్కడే ఉంది. ప్రావారంలో (భూమి పైపొర కింద ఉండే మందపాటి పొరలో) సంవహనం, అంటే వేడెక్కింది పైకి, చల్లారింది కిందికి తిరగడం చెప్పడానికి చాలా బడుల్లో గాజు బీకరులో నీళ్లు మరిగించి రంగు వేస్తారు. ఇంటికెళ్లే పిల్లాడు మన కాళ్ల కింద ఎర్రటి ద్రవం ఉడుకుతోందనుకుంటాడు. ప్రావారం గట్టి రాయి. ఎస్ తరంగాలు దాని గుండా వెళ్తాయి, ఆగేది దాని కింద ద్రవంగా ఉన్న బాహ్య కేంద్రమండలం దగ్గరే. గట్టి రాయే ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంది. మన భారత ఫలకం (మన దేశం ఉన్న పెద్ద రాతి పలక) ఏడాదికి 5 సెంటీమీటర్లు, దాదాపు గోరు పెరిగేంత నిదానం. కాబట్టి బీకరు చూపించినప్పుడు "ఇందులో భూమిలా లేనిది ఏమిటి?" అని కూడా అడగాలి. నా లెక్కన ఆ ప్రశ్న ప్రయోగం కన్నా విలువైనది.

లెక్చరర్ గారికి: భూమి గజిబిజి అన్నారు, నిజమే. కానీ ఆ గజిబిజిలోంచే మంచి ఫిజిక్స్ పుట్టింది. మన దేశంలో సర్వే చేసినప్పుడు హిమాలయాలకు దగ్గరున్న కలియానా, దక్షిణాన ఉన్న కలియాన్‌పూర్‌ల మధ్య అక్షాంశాల తేడా నేల కొలిస్తే ఒకలా, నక్షత్రాలను చూస్తే ఇంకోలా వచ్చింది, 5 సెకన్ల కోణం తేడాతో (ఇక్కడ సెకను అంటే కాలం కాదు, డిగ్రీలో 3600వ వంతు). కొండలు తమ ద్రవ్యరాశితో నిలువు చూడటానికి దారంతో వేలాడదీసే గుండును పక్కకు లాగుతాయి కదా. ప్రాట్ అనే ఆంగ్లేయుడు లెక్క కడితే ఆ లాగుడు దాదాపు 15 సెకన్లు ఉండాలి, కనిపించింది మూడో వంతే. 1855లో ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త దీనికి కారణం చెప్పాడు: కొండకు కింద తేలికైన వేరు ఉంటుంది, కొండ నీటిలో తేలే దుంగలాంటిది అని. బకెట్టులో మందం వేరువేరుగా ఉన్న చెక్క ముక్కలు వేసి, పైన ఎంత, కింద ఎంత అని స్కేలుతో కొలిపించండి. ఆర్కిమెడిస్ సూత్రం అక్కడే ఉంది, ఎంసెట్ లెక్క కూడా అక్కడే ఉంది.

జూనియర్_లెక్చరర్_ఖమ్మం:
చెక్క ముక్కల సంగతి ఒప్పుకుంటాను, అందులో కొలత ఉంది. నా అభ్యంతరం కొలత లేని వాటి మీదే. పిండితో అగ్నిపర్వతం చేసి, వెనిగర్ పోసి, నురగ రాగానే చప్పట్లు కొట్టించి పంపేస్తే అది ఫిజిక్స్ కాదు. మేడం గారి వరుస ఆటలో అంకె ఎక్కడుంది?

ఓరుగల్లు_పీఎస్_సార్:
అంకె ఉంది సార్. భూమి పైపొర రాళ్లలో పి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ సుమారు 3.5 వెళ్తాయి. ఒకచోట పి వచ్చిన 24 సెకన్లకు ఎస్ వస్తే భూకంపం ఎంత దూరంలో వచ్చినట్టు? ఇది ఇద్దరు సైకిళ్ల మీద బయల్దేరిన లెక్కే. 200 కిలోమీటర్లు వస్తుంది, దాదాపు ములుగు నుంచి హైదరాబాద్ అంత. మీరు చెప్పిన వేగం, కాలం లెక్కలు మావాళ్లు ఎవరూ బతిమాలకుండా చేసింది ఇక్కడే.

జియాలజిస్టు గారి మాట మాత్రం నాకు గట్టిగా తగిలింది. ఇటుక ఎక్కడ భూమిలా లేదో నేను ఏనాడూ అడిగించలేదు. ఈసారి పట్టిక కింద ఆ ప్రశ్న కూడా పెడతాను.

బందరు_బయాలజీ_టీచర్:
నాది ఎన్‌ఎస్ (జీవశాస్త్రం), అయినా సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి చెప్తున్నాను. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర సముద్రం కింద భూమి కదిలింది మన టైము ప్రకారం ఉదయం 6:29 ప్రాంతంలో. అల మన తీరానికి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. ఆ రెండు గంటల్లో చెప్పేవాళ్లు లేకపోయారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) నుంచి 2007 నుంచీ హెచ్చరికలు వస్తున్నాయి. అల ఎప్పుడు వస్తుందో ముందే ఎలా తెలుస్తుందంటే, సునామీ వేగం నీటి లోతును బట్టి ఉంటుంది: గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే చాలు. 4000 మీటర్ల లోతులో అది గంటకు సుమారు 710 కిలోమీటర్లు. మా పిల్లల తాతలు వేటకెళ్లే సముద్రం అది. వాళ్లకు ఈ లెక్క రాకుండా పంపడం నాకు మనసొప్పదు. మా పీఎస్ మేడం దీన్ని ప్లాస్టిక్ ట్రేలో చేయిస్తారు.

జూనియర్_లెక్చరర్_ఖమ్మం:
పీరియడ్ల మీద నా అభిప్రాయం మారలేదు, పదో తరగతిలో అంత టైము లేదనే ఇప్పటికీ అంటాను. కానీ ఆ ట్రే ఇంటర్ పిల్లలతో చేయించాలనుంది. పొడవెంత? లోతు ఎంత పెడతారు?

బందరు_బయాలజీ_టీచర్:
60 సెంటీమీటర్ల ట్రే సార్. ముందు 2 సెంటీమీటర్ల నీళ్లు పోసి ఒక కొస కాస్త ఎత్తి వదలండి. అల అటు వెళ్లి ఇటు వచ్చేది అయిదుసార్లు లెక్కపెట్టండి, 13 లేదా 14 సెకన్లు పడుతుంది. తర్వాత 8 సెంటీమీటర్లు పోయండి, 7 సెకన్లకు వచ్చేస్తుంది. లోతు నాలుగింతలైతే వేగం రెండింతలెందుకైందో మీరు చెప్పకండి, వాళ్లనే గ్రాఫు గీయనివ్వండి.