రెండు రాత్రుల బస: బ్రూజ్‌లోనా, గెంట్‌లోనా?

మూడుటికెట్లు: ఏప్రిల్ మధ్యలో బెల్జియం వెళ్తున్నాం, అమ్మానాన్నలతో. బ్రస్సెల్స్ నుంచి రైల్లో వచ్చి, రెండు రాత్రులు ఒకేచోట ఉండి బ్రూజ్, గెంట్ రెండూ చూడాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. ఏ ఊళ్లో దిగమంటారు?

కాలువగట్టు: బ్రూజ్. ఇందులో తర్జనభర్జన ఎందుకండీ? పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ ఊరు పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లది. బ్రస్సెల్స్ రైళ్లలో కొందరు, జీబ్రుగ్గె రేవులో ఓడ దిగి బస్సుల్లో కొందరు. ఈ తాకిడికి తట్టుకోలేక 2019లో నగరపాలకులే పగటి యాత్రల ప్రచారం ఆపి, క్రూయిజ్ ఓడల రాకకు పరిమితి పెట్టారు. జనం వెళ్లిపోయాక రోజెన్‌హూట్‌కాయ్ మూలన నిలబడితే కాలువ నీళ్లలో బెల్ఫ్రీ (ఊరి గంటల గోపురం) నీడ నిశ్చలంగా కనిపిస్తుంది. ఏప్రిల్ మధ్యలో పొద్దుగూకేది ఎనిమిదిన్నర దాటాకే, అంటే మూడు గంటల వెలుతురు మీ సొంతం. గెంట్‌లో పడుకుని వచ్చిపోతే మీరూ ఆ గుంపులో ఒకరే.

రైలుబండి: బ్రూజ్‌కు సాయంత్రం ఉంది నిజమే. పొద్దున కూడా ఉంది కదా? గెంట్ నుంచి బ్రూజ్ రైల్లో అరగంటలోపే. దేశంలోపలి రైళ్లకు సీటు రిజర్వేషన్ ఉండదు, ఆ రోజు టికెట్‌తో ఏ రైలైనా ఎక్కవచ్చు. ఎనిమిదింటికి బ్రూజ్‌లో దిగితే రెండు గంటలు వీధులన్నీ ఖాళీ. అదే గెంట్ అందమంతా చీకటి పడ్డాక. సెయింట్ మైకేల్ వంతెన మీద నుంచి వరసగా మూడు గోపురాలు (సెయింట్ నికొలస్, బెల్ఫ్రీ, సెయింట్ బావో), కింద గ్రాస్‌లై రేవు, అన్నిటికీ దీపాలు. ఏప్రిల్‌లో అది మొదలయ్యేది తొమ్మిది తర్వాత. అది చూసి ట్రామ్, ఆపై రైలు, ఆపై మళ్లీ నడక అంటూ బ్రూజ్ చేరేసరికి పెద్దవాళ్లకు అర్ధరాత్రే. పైగా రాత్రి పొద్దుపోయాక రైళ్లు బాగా తగ్గిపోతాయి.

కాలువగట్టు: ఎనిమిదింటికి బ్రూజ్‌లో దిగాలంటే ఏడుకల్లా హోటల్ వదలాలి. చాలాచోట్ల అప్పటికి టిఫిన్ కూడా పెట్టరు. ఇక స్టేషన్ సంగతి ఎత్తరేం? గెంట్-సింట్-పీటర్స్ ఊరి నడిబొడ్డుకు రెండు కిలోమీటర్ల పైనే. 1913 ప్రపంచ ప్రదర్శన కోసం ఊరికి దక్షిణాన కట్టిన స్టేషన్ అది. బ్రూజ్‌లో ఒకటిన్నర కిలోమీటరు, అదీ మిన్నెవాటర్ సరస్సు, 1245 నాటి బెగైన్‌హాఫ్ (భక్తితో కలిసి బతికిన స్త్రీల ఇళ్ల ఆవరణ) మీదుగా. దారే ఒక దర్శనం.

రైలుబండి: సామాన్లతో ఆ దర్శనం చేయించకండి. రాళ్లు పరిచిన ఆ వీధుల్లో సూట్‌కేసు చక్రాలు గతుకుల్లో దిగబడతాయి. బ్రూజ్‌లో స్టేషన్ ముందు బస్సు ఎక్కండి. గెంట్‌లో 1వ నంబరు ట్రామ్, ఊరి నడిబొడ్డున కోరెన్‌మార్క్ట్‌లో దిగాలి, పది పన్నెండు నిమిషాలు. బోర్డు మీద ‘ఫ్లాండర్స్ ఎక్స్‌పో’ అని ఉంటే ఎక్కకండి, అది ఊరి బయటికి పోతుంది. డ్రైవరు టికెట్లు అమ్మడు. లోపలి మిషన్‌కు కార్డు తాకించాలి. ఇండియా కార్డైతే విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేసుకోండి. 2020 రిజర్వు బ్యాంకు నిబంధన తర్వాత కొత్త కార్డులు అవి మూసే వస్తాయి.

మెట్లలెక్క: ఎక్కడ పడుకోవాలో తేల్చే ముందు ఏది ఎక్కగలరో చూడండి. బ్రూజ్ బెల్ఫ్రీ 83 మీటర్లు, 366 మెట్లు, లిఫ్ట్ లేదు. పైకి పోయేకొద్దీ ఇరుకు. ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ దారి ఒకటే కాబట్టి మధ్యలో ఆగి వెనక్కి తిరగడం కూడా కష్టం. గెంట్ బెల్ఫ్రీ ఇంకా పొడుగు, 91 మీటర్లు, కానీ కొన్ని మెట్లు ఎక్కాక లిఫ్ట్ దొరుకుతుంది. నాన్నగారికి పైనుంచి ఊరు చూపించాలంటే ఈ రెంటిలో అదే మార్గం. గ్రావెన్‌స్టీన్ కోటలో మాత్రం చుట్టుమెట్లు, బయటి నుంచి చూసి వదిలేయండి. ఎక్కనక్కర్లేనివి: బ్రూజ్‌లో అవర్ లేడీ చర్చిలోని మైకెలాంజెలో పాలరాతి మేరీమాత, గెంట్‌లో వాన్ ఐక్ సోదరుల 1432 నాటి బలిపీఠ చిత్రం. రెండో దానికి సమయం వేసిన టికెట్ ముందే కొనాలి. 2012 నుంచి విడతలుగా పునరుద్ధరణ జరుగుతోంది, ఏ పలకలు స్థానంలో ఉన్నాయో చూసుకుని వెళ్లండి. కింద ఎడమ పలక ఎలాగూ నకలే. అసలుది 1934లో దొంగలు ఎత్తుకుపోయారు, ఇప్పటికీ దొరకలేదు.

శాకపాకం: తిండి మాటకొస్తే గెంటే. 2009 నుంచి అక్కడ గురువారం శాకాహార దినం. మిగతా రోజుల్లోనూ శాకాహార హోటళ్లు బ్రూజ్ కంటే ఎక్కువ. రెండు ఊళ్లలోనూ ఒక హెచ్చరిక: ఫ్రైస్ చాలా బండ్ల దగ్గర గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. ‘వెజిటేరియనా?’ అంటే ‘బంగాళదుంపే కదా’ అని అవుననేస్తారు. ఏ నూనె అని అడగండి. గెంట్‌లో అమ్మే ఊదారంగు ముక్కు ఆకారపు మిఠాయి కొన్నిచోట్ల జంతువుల నుంచి తీసే జెలటిన్‌తో చేస్తారు.

కాలువగట్టు: తిండి విషయంలో ఒప్పుకుంటాను. పడవ సంగతి మాత్రం వినండి. బ్రూజ్ కాలువల్లో అరగంట షికారు, ఉదయం పదింటికి మొదలు, సాయంత్రానికి ఆపేస్తారు. మధ్యాహ్నం వరస బారెడు. ఎక్కడ పడుకున్నా మొదటి పడవే ఎక్కండి. దిగేటప్పుడు మెట్టు తడిగా ఉంటుంది, నాన్నగారి చెయ్యి పట్టుకోండి.

రైలుబండి: ఇదిగో, మొదటి పడవ అంటే పొద్దున్నే బ్రూజ్ అని మీరే ఒప్పుకున్నట్టు!

మూడుటికెట్లు: గెంట్‌లోనే దిగుతున్నాం, కోరెన్‌మార్క్ట్‌కు నడిచే దూరంలో, గురువారం కలిసొచ్చేలా. బ్రూజ్‌కు ఏడున్నర రైలు, టిఫిన్ ముందురోజే కొని పెట్టుకుంటాం. కాలువగట్టు గారూ, సాయంత్రం వెలుతురు కోసం బ్రూజ్‌లో ఏడింటిదాకా ఉండి తిరిగొస్తే గెంట్ దీపాలు అందుతాయా?

కాలువగట్టు: అందుతాయి. మధ్యాహ్నం నాన్నగారిని రెండు గంటలు ఎక్కడైనా కూర్చోబెడితేనే.