అప్‌డేట్: హోండా ఎఫ్‌సీ జె లీగ్‌లోకి ఎందుకు వెళ్లదు?

జపాన్ ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె లీగైన జేఎఫ్ఎల్‌ను పదేపదే గెలిచే హోండా కంపెనీ జట్టు హోండా ఎఫ్‌సీ పై లీగ్‌కు ఎందుకు వెళ్లదని ఇదివరకు అడిగాను. ఓపికగా వివరించిన వారందరికీ కృతజ్ఞతలు. స్థోమత చాలకే ఆగిపోయి ఉంటుందన్న నా ఊహ పొరపాటని ఇప్పుడు తేలింది.

జేఎఫ్ఎల్‌కు పైనున్న వృత్తి ఫుట్‌బాల్ లీగైన జె లీగ్ 1993లో మొదలైంది; అది జట్టు పేరులో కంపెనీ పేరు ఉండకూడదనీ, క్లబ్బు ఒక ఊరికి చెందినదిగా నిలవాలనీ కోరుతుంది. హమామత్సు నగరంలో 1971లో పుట్టిన ఈ జట్టు మాత్రం కంపెనీ జట్టుగానే ఉండిపోయింది. ఆటగాళ్లలో ఎక్కువమంది ఉద్యోగులే కాబట్టి, ఉద్యోగం చేసుకుంటూనే సాధన చేస్తారు.

అలాగని వీరిని తక్కువ అంచనా వేయలేము. 2016 నుంచి 2019 వరకు వరుసగా నాలుగుసార్లు జేఎఫ్ఎల్ గెలిచారు. అన్ని అంచెల జట్లూ తలపడే ఎంపరర్స్ కప్‌లో 2019లో జె లీగ్ పై అంచె జట్టయిన ఉరావా రెడ్స్‌ను 2-0తో ఓడించి, క్వార్టర్ ఫైనల్లో అదే అంచెకు చెందిన కషిమా ఆంట్లర్స్ చేతిలో ఒకే ఒక్క గోల్ తేడాతో ఓడారు. జె లీగ్‌కు చేరాలంటే జేఎఫ్ఎల్ పట్టికలో పైస్థానాల్లో నిలవాలి గనుక, ఆశపడే జట్లన్నీ వీరిని ఎదుర్కోవలసిందే. అందుకే వీరికి ‘ద్వారపాలకుడు’ అని పేరు. నాకు ఇది బిరుదుగానే తోస్తుంది.

కంపెనీ చేయి వదిలేస్తే ఏమవుతుందన్న నా రెండో సందేహానికీ జవాబు దొరికింది: 2015లో జేఎఫ్ఎల్ గెలిచిన సోనీ కంపెనీ జట్టు సోనీ సెండాయ్ 2024 సీజన్‌తో మూతపడింది.