ఊరి బడి గురించి నిర్ణయం ఎవరిది?

శ్రీను: 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 117 అని ఉత్తర్వు ఇచ్చి మా ఊరి బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు ఎత్తేసి హైస్కూల్లో కలిపేశారు. ఇదేంటని అడిగితే 2020 జాతీయ విద్యా విధానం అన్నారు. మూడు నుంచి ఐదు ఒక దశ అని అందులో ఉంది గానీ హైస్కూల్లో కలపమని ఎక్కడుంది? విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, నేనూ మెంబర్నే. వద్దని తీర్మానం రాసిస్తే కనీసం జవాబు రాలేదు.

రమ టీచర్: తీర్మానం సరే, చదువు సంగతో? ఆరేళ్లు నేనొక్కదాన్నే ఐదు తరగతులూ చెప్పాను. ఐదో తరగతికి బోర్డు మీద భాగాహారం వేసి, ఒకటో తరగతి పిల్ల చెయ్యి పట్టి అక్షరాలు దిద్దిస్తుంటే, ఇవాళ గుడ్లు ఎన్ని ఉడకెయ్యాలని వంట చేసే ఆవిడ వచ్చేది. హైస్కూల్లో సబ్జెక్టుకో టీచర్ ఉంటారు.

కిరణ్: కిలోమీటరు లోపు బడులనే కదా కలిపింది. ఆమాత్రం నడవలేరా?

శ్రీను: మధ్యలో లారీలు తిరిగే రోడ్డుంది. ఎనిమిదేళ్ల పిల్ల దాటాలి.

కిరణ్: కిలోమీటరు లోపా, కాదా? అది చెప్పండి.

వేణు: 1976లో 42వ రాజ్యాంగ సవరణతో, రాష్ట్రాల చేతిలో ఉన్న విద్యను కేంద్రం కూడా చట్టాలు చేయగలిగే ఉమ్మడి జాబితాలోకి లాక్కున్నారు, మూలం అక్కడుంది.

శ్రీను: వేణు గారూ, ఉత్తర్వు ఢిల్లీ నుంచి వచ్చినా రాజధాని నుంచి వచ్చినా మమ్మల్ని అడిగింది ఎవరు? టీచర్ గారూ, పిల్లలు అరవై మంది లోపున్నా ఇద్దరు టీచర్లుండాలని ఆ విద్యాహక్కు చట్టంలోనే ఉంది. రెండో టీచర్ని ఇవ్వకుండా తరగతులు తీసుకుపోవడమేంటి?

రమ టీచర్: ఇంత మాట్లాడుతున్నారు, మీ పెద్దబ్బాయి చదివేది ఆ బడిలోనేనా? తీర్మానం మీద సంతకాలు పెట్టినవాళ్లలో ఎంతమంది ఇంటి ముందు ప్రైవేటు స్కూలు వ్యాన్ ఆగట్లేదో చెప్పండి. పిల్లలు తగ్గిపోయింది జీవో వల్ల కాదు, మీవల్ల!

శ్రీను: పెద్దోణ్ణి ప్రైవేటుకే పంపాను, దాచను. ఒక్క టీచరే ఉన్నారని పంపాను. ముందే మమ్మల్ని కూర్చోబెట్టి అడిగుంటే ఈ మాటే చెప్పేవాణ్ణి. కలిపితేనే మేలని తేలినా సరే, మమ్మల్ని అడక్కుండా చేస్తే ఒప్పుకోను.

రమ టీచర్: పిల్లలకు మేలైనా ఒప్పుకోరా? నాకు మింగుడు పడనిది అదే. మీ పంతాలు తేలేలోపు ఐదో తరగతి పిల్ల భాగాహారం రాకుండానే ఆరుకు వెళ్లిపోతుంది.

శ్రీను: రెండో టీచర్ కావాలని మేం పెట్టిన అర్జీ కూడా తీర్మానం ఇచ్చిన ఆఫీసులోనే ఉంది, టీచర్ గారూ. తీర్మానం కంటే రెండేళ్ల ముందు ఇచ్చాం.