జాకీ బురదలో దిగిపోతోంది: బొలెరో క్యాంపర్‌కు ఏది తీసుకోవాలి?

ప్రశ్న (మధురవాడ):
అందరికీ నమస్కారం. నా ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే) క్యాంపర్ పికప్‌కు పెద్ద టైర్లు వేయించాను. గత వారం అనంతగిరి దగ్గర కాఫీ తోటల మట్టిదారిలో వెనక టైరు పంక్చరైంది. బండితో వచ్చిన జాకీని ఛాసిస్ (బండి అడుగు చట్రం) కింద పెట్టి చివరిదాకా తిప్పినా చక్రం నేలను వదలలేదు సరికదా, జాకీ అడుగే తడిమట్టిలో నాలుగు వేళ్ల లోతు దిగింది. మిత్రులు హైలిఫ్ట్ జాకీ (పొడవాటి నిలువు కడ్డీ మీద మెట్టుమెట్టుగా పైకి లేచేది) కొనమంటున్నారు. 48 అంగుళాలది మేలా, 60 అంగుళాలదా?

జవాబు (గాజువాక, మెకానిక్):
మీకు కావలసింది పొడవైన జాకీ కాదండి. ఛాసిస్‌ను ఎత్తినంతసేపూ వెనక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) సాగి చక్రం కిందికే వేలాడుతుంది. అలా కాకుండా యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) కింద, కమాను పక్కగా బాటిల్ జాకీ (సీసా ఆకారంలో ఉండి, నూనె ఒత్తిడితో లేచేది) పెడితే, జాకీ అంగుళం లేచినప్పుడు చక్రమూ దాదాపు అంగుళం లేస్తుంది. ముందు చక్రాలకు మాత్రం బండి పుస్తకంలో చూపిన చోటే పెట్టండి. అడుగున దళసరి చెక్క పలక తప్పనిసరి. కొనేముందు టైరులో గాలి తీసేసి, యాక్సిల్ కింద ఎంత సందు ఉందో కొలవండి; పూర్తిగా దించిన జాకీ అందులో దూరాలి. నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేయండి.

జవాబు (భీమిలి):
హైలిఫ్ట్ చెడ్డదేమీ కాదు. ఇసుకలో కూరుకుపోయిన చక్రాన్ని లేపి కింద రాళ్లు పేర్చడానికి బాగా పనికొస్తుంది. అయితే దానికి ఆనడానికి గట్టి ఇనుప బంపరు ఉండాలి, పైగా దించేటప్పుడు చేతికడ్డీ జారితే నేరుగా దవడకే తగులుతుంది. మన సముద్రపు గాలికి దాని పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి కనుక, నాలాగా బండి వెనకాల అలంకారంగా తగిలించి వదిలేయకండి.
మరొక మాట: గేరులో ఉంచాం కదా అని ధీమా పడకూడదు. టూవీల్‌లో (వెనక చక్రాలకే శక్తి అందేలా) ఉన్నప్పుడు ఒక వెనక చక్రం గాలిలోకి లేస్తే, మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉన్న బండిలో అది ఊరికే తిరుగుతుంది, నేల మీది రెండో చక్రాన్ని గేరు ఆపలేదు. హ్యాండ్‌బ్రేకు వేసి, మిగిలిన చక్రాలకు రెండు వైపులా రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ మీద నిలిచిన బండి కిందికి చెయ్యి కూడా పోనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు:
కొలిచానండి, గాలి తీస్తే 19 సెంటీమీటర్లే ఉంది. దుకాణంలో చూసిన మూడు టన్నుల జాకీ దించినా 20 ఉంటోంది.

జవాబు (గాజువాక, మెకానిక్):
అయితే పొట్టిగా ఉండే రెండు టన్నులది చూడండి. లేపేది ఒక్క మూలనే కాబట్టి, తొట్టిలో సరుకు దించేస్తే అది చాలు. బండిలో మాత్రం నిలబెట్టి కట్టండి; పడుకోబెడితే గాలి చేరి, తీరా అవసరానికి పంపు పట్టదు.