కలకత్తా కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్: 73 ఏళ్ల మా నాయనను తీసుకుపోవచ్చా?

మగ్గంగుంత (అనంతపురం):

అందరికీ నమస్తే. మాది ధర్మవరం, ఉద్యోగం వల్ల అనంతపురంలో ఉంటున్నాను. వచ్చే నెల మా నాయనను కలకత్తా తీసుకుపోతున్నాను. కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం ఆయన కోరికలు. నా కోరిక ఒక్కటే, కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌లో ఒక గంట కూర్చోవాలి. డిగ్రీ చదివేటప్పటి నుంచి దాని గురించి వింటున్నాను.

టెన్షన్ అంతా మా నాయన గురించే. ఎడమ మోకాలు అరిగిపోయింది. కాఫీ దగ్గర మాత్రం మహా పట్టింపు. ఎనభై పాళ్లు గింజ, ఇరవై పాళ్లు చికోరీ, అది కూడా కళ్ల ముందు మర పట్టాలి. ఊరికి బయల్దేరితే సంచిలో మందుల డబ్బా కంటే ముందు ఇత్తడి ఫిల్టరు పెడతాడు. రైల్లో "కాఫీ కాఫీ" అని ఎవరైనా వస్తే కిటికీ వైపు తిరుగుతాడు. ఇంకొకటి, హోటల్లో గ్లాసు ఖాళీ అయ్యాక ఒక్క నిమిషం కూర్చోడు. "లేయ్‌రా, ఎనకాల మనిషి నిలబడినాడు" అంటాడు, వెనకాల ఎవరూ లేకపోయినా.

పోయొచ్చినవాళ్లు చెప్పండి. మెట్లు ఎక్కాలా? సీటు దొరుకుతుందా? ఫోటోల్లో అందరూ కాలేజీ పిల్లలే కనిపిస్తున్నారు, పంచె కట్టిన పెద్దాయన వాళ్ల మధ్య కూర్చుంటే ఇబ్బంది పడతాడా? కాఫీ మన కాఫీలాగా ఉంటుందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలిసినట్టే ఉంది, అయినా అడుగుతున్నాను.

బదిలీబాబు (కడప):

నేను బ్యాంకు ఉద్యోగిని. కలకత్తాలో రెండున్నరేళ్లు చేసి ఇప్పుడు కడపకు వచ్చి పడ్డాను. అక్కడున్నప్పుడు శనివారం సాయంత్రాలు చాలావరకు ఆ హాల్లోనే గడిచాయి. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు తమ్ముడూ.

హాలు మొదటి అంతస్తులో ఉంది, మెట్లు తప్పవు. పాతకాలపు మెట్లు, గోడల నిండా పోస్టర్లు. మధ్యమధ్యలో ఆగి పోస్టరు చూస్తున్నట్టు నిలబడమను నాయనను, ఎవరూ ఏమీ అనుకోరు. దాని పైన చుట్టూ బాల్కనీ ఉంది, అక్కడి నుంచి కింద హాలంతా కనపడుతుంది. కానీ ఆయన మోకాలికి కింది హాలే మేలు. ఎత్తైన కప్పు, పొడుగు కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, గోడ మీద రవీంద్రుడి పెద్ద పటం. వడ్డించేవాళ్లు తెల్ల యూనిఫాంలో, విసనకర్రలాగా కుచ్చు నిలబడిన తలపాగాతో తిరుగుతుంటారు.

సీటు నువ్వే చూసుకోవాలి. ఎవరు లేచేటట్టు ఉన్నారో కనిపెట్టి ఆ పక్కన నిలబడు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి టవల్ వేసిన అనుభవం ఉంటే చాలు. నలుగురి బల్ల దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉంటే అడిగి కూర్చోవచ్చు. ఒక్క కాఫీతో రెండు గంటలు కూర్చున్నవాళ్లను చూశాను. బెంగాలీలు దాన్ని "అడ్డా" అంటారు. మన ఊళ్లో అడ్డా అంటే తెల్లారి కూలి పని కోసం నిలబడే చోటు. వాళ్లకు అడ్డా అంటే పనేమీ పెట్టుకోకుండా కూర్చుని మాట్లాడుకోవడం.

పాల కాఫీ దొరుకుతుంది గానీ రోజూ వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది "ఇన్‌ఫ్యూజన్". అంటే పాలు లేని డికాషన్. మీ నాయనకు అదే చెప్పు, పాలు పోశాక పోల్చి చూసే బాధ ఉండదు. తినడానికి చికెన్ కబిరాజీ. కట్లెట్ చుట్టూ గుడ్డు సొనను జాలీలాగా పొంగించి వేయిస్తారు, చూస్తే జరీ అల్లినట్టు ఉంటుంది. ధర్మవరం మనిషికి నచ్చాలి మరి.

ఆ భవనం 1876 నాటి ఆల్బర్ట్ హాల్. 1942లో ప్రభుత్వ కాఫీ బోర్డు అక్కడ కాఫీ అమ్మడం మొదలుపెట్టింది. ఎదురుగా ప్రెసిడెన్సీ కాలేజీ (2010 నుంచి అదీ యూనివర్సిటీయే), పక్కనే కలకత్తా యూనివర్సిటీ. సత్యజిత్ రాయ్, మృణాల్ సేన్, అమర్త్య సేన్ లాంటివాళ్లు ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్లే. నాకు వాళ్లకంటే ఆసక్తి అనిపించింది వేరే సంగతి. 1930ల మాంద్యంలో తోటల్లో గింజ అమ్ముడుపోక, మన జనానికే కాఫీ అలవాటు చేద్దామని 1936లో బొంబాయి చర్చ్‌గేట్‌లో మొదటి కాఫీ హౌస్ తెరిచారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి కాఫీ బోర్డు ఒక్కొక్కటీ మూసేస్తూ పనివాళ్లను తీసేసింది. అప్పుడు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ పూనుకుంటే, ఆ పనివాళ్లే సొసైటీలు పెట్టుకుని నడుపుకున్నారు. మొదటి సొసైటీ 1957 ఆగస్టులో బెంగళూరులో పుట్టింది. కాలేజ్ స్ట్రీట్‌ది 1958లో మూతపడితే, ప్రెసిడెన్సీ, యూనివర్సిటీ ప్రొఫెసర్లు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుని ఆ సంవత్సరమే తెరిపించుకున్నారు. అప్పటి నుంచి దాన్ని నడిపేది వర్కర్స్ కోఆపరేటివ్ సొసైటీయే.

దారి సంగతి. 2024 మార్చి నుంచి హౌరా నుంచి హుగ్లీ నది కిందుగా మెట్రో ఉంది. ఎస్ప్లనేడ్‌లో మారి మహాత్మా గాంధీ రోడ్ స్టేషన్‌లో దిగితే నడిచి పోవచ్చు. ఆయన మోకాలి మాట విన్నాక మాత్రం టాక్సీయే ఎక్కమంటాను.

బురుజునీడ (కర్నూలు):

కాఫీ కోసమే అయితే అంత దూరం ఎందుకప్పా? ఆ తలపాగా, ఆ కప్పు సాసరు చూడాలంటే బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. 2009 దాకా ఎం.జి. రోడ్డులో ఉండేది. పొద్దున్నే అనంతపురంలో రైలెక్కితే మధ్యాహ్నానికి బల్ల ముందుంటారు.

నేను 2019లో కలకత్తా పోయినప్పుడు తెలివిగా ఆదివారం పోయాను. పుస్తకాల అంగళ్లు చాలావరకు మూసి ఉన్నాయి. కాలేజ్ స్ట్రీట్ అంటే ముందు పుస్తకాలు, తర్వాతే కాఫీ. తప్పు నాదే, ఎవరినీ అడగకుండా పోయాను. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా, ఆదివారం వద్దు.

ఓళిగలఅత్త (ప్రొద్దుటూరు):

బాబూ, అక్కడే కాలేజ్ స్క్వేర్ చెరువు పక్కన పారామౌంట్ అని షర్బత్ అంగడి ఉంది, 1918 నాటిది. "డాబ్ షర్బత్" అడుగు. డాబ్ అంటే కొబ్బరి బోండాం. నీళ్లతో పాటు లేత కొబ్బరి కూడా వేసి ఇస్తారు. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్, అదే పెద్ద కెమిస్ట్రీ శాస్త్రవేత్త, ఆయన చెప్పిన పద్ధతి అంటారు. కాఫీ హౌస్ మెట్లు దిగాక నాయనకు తాపించు. షుగర్ ఉంటే మాత్రం సగమే.

మగ్గంగుంత (అనంతపురం):

పోయొచ్చాము. జవాబులు ఇచ్చినందుకు కడప అన్నకు, కర్నూలు అన్నకు, అత్తకు దండాలు. జరిగింది చెప్పాలి కదా.

రైల్లో కడప అన్న రాసింది నాయనకు చదివి వినిపించాను. ఆల్బర్ట్ హాల్ దగ్గర కునుకు తీస్తున్నాడు. సత్యజిత్ రాయ్ దగ్గరా కళ్లు తెరవలేదు. "సొసైటీ" అనే మాట రాగానే లేచి కూర్చున్నాడు. "పనోళ్లదేనా? షేరు ఎంతంట?" అన్నాడు. ఆయన ధర్మవరంలో ఒక చేనేత సొసైటీలో 22 ఏళ్లు లెక్కలు రాశాడు. నూలు ఇచ్చి చీర తీసుకోవడం, మెంబర్ల పాసు పుస్తకాలు, అన్నీ ఆయన చేతి రాతే. పట్టు ధర పెరిగి, చీరలు బీరువాల్లో మిగిలిపోయి అది మూతపడింది. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

బుధవారం మూడు గంటలకు పోయాము. మెట్ల మీద పోస్టర్ల ఐడియా పని చేసింది, ఆయన నిజంగానే చదవబోయాడు, అన్నీ బెంగాలీ. పావుగంట నిలబడ్డాక ఇద్దరు ఆడపిల్లలు నోట్సు ముందేసుకున్న బల్ల దగ్గర రెండు కుర్చీలు దొరికాయి. రెండు ఇన్‌ఫ్యూజన్లు, ఒక కబిరాజీ చెప్పాను. నాయన కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది ఎనభై ఇరవై కాదు" అన్నాడు. ఇంకో గుక్క తాగాడు. ఆ తర్వాత కాఫీ ఊసే లేదు.

సూరత్ నుంచి జరీ తెచ్చే సేట్లతో మాట్లాడి నేర్చుకున్న హిందీ ఆయనది, లెక్కలకు తప్ప దేనికీ పనికిరాదు. దాంతోనే వడ్డించే ఆయనను పట్టుకున్నాడు. "ఆప్ మెంబర్ హై?" ఆయన తలూపి పక్క బల్లకు పోయాడు. మళ్లీ ఇటు రాగానే "ఎలక్షన్ హోతా?" అట్లా వాయిదాల మీద సాగింది. మధ్యలో ఆ ఆడపిల్లలు నోట్సు మూసేసి బెంగాలీకి, హిందీకి మధ్య వంతెన కట్టారు. నాకు సగం అర్థమైంది, సగం అర్థం కాలేదు. నాయనకు మాత్రం అంతా అర్థమైనట్టే ఉంది, బిల్లు వెనకాల ఏవో అంకెలు వేసుకున్నాడు. ఒక పిల్ల "మీ సొసైటీ పేరేంటి?" అని అడిగింది. నేను భయపడ్డాను. ఆయన పూర్తి పేరు చెప్పాడు, రిజిస్టర్ నంబరుతో సహా. ఆ పేరు ఆయన నోట విని పదేళ్లు దాటింది.

రెండు గంటలు గడిచాయి. మా కుర్చీల పక్కనే బ్యాగులు తగిలించుకుని ఇద్దరు పిల్లలు వచ్చి నిలబడ్డారు. ఈసారి నేనే అన్నాను, "లేద్దాం నాయనా, వెనకాల మనుషులు నిలబడినారు" అని.

"నిలబడనీలే" అన్నాడు.

అత్తా, డాబ్ షర్బత్ తాగాము. షుగర్ లేదు, పూర్తిగా తాగాడు. మోకాలు ఎక్కేటప్పుడు ఏమీ అనలేదు గానీ దిగేటప్పుడు పట్టేసింది, రాత్రి హోటల్లో నూనె రాశాను. పుస్తకాలకు టైమ్ మిగల్లేదు, అది ఒక్కటే నా బాధ.

కర్నూలు అన్నా, నీతో ఒక పని పడింది. మొదటి సొసైటీ బెంగళూరులోనే పెట్టారని తెలిశాక, అక్కడికి ఎప్పుడు పోదామని రోజూ అడుగుతున్నాడు. చర్చ్ స్ట్రీట్‌లో మెట్లున్నాయా?